కూడు

శ్రీనాథుడికి పల్నాటి తిండి నచ్చలేదు. ఆయన పేరు మీద నోటినుంచి నోటికి నడిచి వచ్చిన ఒక చాటువులో ఏకంగా కృష్ణుడికే సవాలు విసిరాడు. పూతన విషం తాగి బతికావు, కార్చిచ్చు మింగి అరిగించుకున్నావు, బాగానే ఉంది. చింతచిగురు వేసి ఉడికించిన ఈ బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపించు, అప్పుడు ఒప్పుకుంటానన్నాడు. ఇంకో చాటువులో ఆ సీమ పల్లెల్లో కనిపించేవన్నీ ఏకరువు పెడుతూ సజ్జకూళ్ళనూ జొన్నకూళ్ళనూ పాములూ తేళ్ళ సరసన నిలబెట్టాడు. కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకున్నప్పుడు, ఆ దేశంలో తాను పడ్డ అగచాట్లలో వెల్లుల్లి తినడాన్నీ అంబలి తాగడాన్నీ కూడా చేర్చాడు.

ఇవన్నీ ఆయన చెప్పినవేనా అన్నది తేలే విషయం కాదు. చాటువుకు కర్తను జనమే నిర్ణయిస్తారు. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివారు పూనుకుని సేకరించి అచ్చు వేయించబట్టి ఇలాంటివి మనదాకా వచ్చాయి. ఊరుగాని ఊళ్ళో పెట్టిన తిండి గొంతు దిగక ఒక మహాకవి అంత బాధపడ్డాడని తరతరాల తెలుగువాళ్ళు నమ్ముతూ వచ్చారంటే ఆ బాధలో అందరికీ వాటా ఉందన్నమాటే. నేను ఆ పద్యాల దగ్గర ఆగిపోయేది మాత్రం వేరే కారణానికి. ఆ ఏవగింపునంతా మోసిన మాట ఒకటుంది. కూడు. పాత కావ్యాల్లో అది తిట్టు కాదు. వండిన అన్నానికి అచ్చతెలుగు పేరు. జొన్నల మీద, సజ్జల మీద ఉన్న చిన్నచూపు కాలక్రమాన ఆ మాటకే అంటుకుపోయిందని నా అనుమానం. మన్యంలోని పాడేరులో ఒక మధ్యాహ్నం తిన్న రుచీపచీ లేని భోజనం ఆ అనుమానాన్ని గట్టిపరిచింది. ఆ సంగతికి వస్తాను. ముందు మాట పుట్టుక చూడాలి.

తమిళంలో దీనికి తోబుట్టువు ఉంది. ‘కూళ్’ అంటారు. చివరి ధ్వని మన ళ కాదు. ‘తమిళ్’ అన్న మాట చివర వాళ్ళు నాలుక మడిచి పలికే ప్రత్యేకమైన ధ్వని. అది ఒకప్పుడు మనకూ ఉండేది. తొలినాటి తెలుగు శాసనాల్లో దానికో అక్షరమే ఉంది. తర్వాత మన నోట్లో చాలాచోట్ల అది డకారమైంది. వాళ్ళ కోళి మనకు కోడి, వాళ్ళ ఏళు మనకు ఏడు, వాళ్ళ కూళ్ మనకు కూడు. కన్నడిగులు ళ దగ్గర ఆగారు: కోళి, ఏళు, కూళు. అర్థం దగ్గర మళ్ళీ ఎవరి దారి వారిది. కన్నడంలో కూళు అంటే అన్నం, తిండి. తమిళంలో కూళ్ పలచబడి అంబలి అయింది. ఆడి నెలలో మారియమ్మ గుళ్ళ దగ్గర జనానికి పోసే రాగి అంబలిని ఆ పేరుతోనే పిలుస్తారు. మనకు గట్టిగా వండినది కూడు. పలచగా కాచినదానికి అంబలి, జావ, గంజి అని వేరే పేర్లు పెట్టుకున్నాం.

‘నలుగురూ కూడి తినేది కనుక కూడు’ అని కొందరు చెబుతుంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది. నిజం కాదు. కలవడం అనే అర్థమున్న కూడు తమిళంలో వేరే ధ్వనితో, వేరే మాటగా నిలిచి ఉంది. రెండు వేర్వేరు ధ్వనులు తెలుగులో ఒకే డకారంలో కలిసిపోవడం వల్ల రెండు మాటలూ కవలల్లా కనిపిస్తున్నాయి. కలిసి తినడం ఎంత మంచిదైనా ఈ మాట వేరులో దానికి చోటు లేదు.

మాట రూపం మాత్రం ముచ్చటైనది. గూడు గూటికి మారినట్టు, ఏడాది అనే అర్థంలో ఏడు ఏటికి మారినట్టు, కూడు విభక్తి తగలగానే కూటి అవుతుంది. కూటికి, కూటి కోసం. బహువచనంలో కూళ్ళు. సామెతల్లో ఈ మాట ఎంత హుందాగా నిలబడుతుందో చూడండి. కూటి కోసం కోటి విద్యలు. కూటికి పేదైతే కులానికి పేదా? కూడు, గూడు, గుడ్డ అని మనిషికి కావలసిన మూడింటిని లెక్కపెట్టినప్పుడు మొదటి చోటు దీనిదే. అక్కడ ‘అన్నం’ పెట్టి చూస్తే మాట తేలిపోతుంది.

సామెత దాటి ఇంట్లోకి వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. చదువుకున్న ఇళ్ళల్లో దేవుడికి నైవేద్యం, పెద్దలకు భోజనం, రోజూ తినేది అన్నం, పసిపిల్లలకు బువ్వ. కూడు మిగిలింది పిండాకూడులో, జైల్లో పెట్టే చిప్పకూడులో, ‘కూడు తింటున్నావా ఇంకేమైనా తింటున్నావా’ అనే తిట్టులో. సంస్కృతం నుంచి వచ్చిన మాట పీట మీద కూర్చుంటే సొంత మాట గుమ్మం బయటికి పోవడం మనకు కొత్త కాదు. అయితే ఇక్కడ భాషతోపాటు గింజ కూడా ఉంది. వరి పండే చోట కూడు అన్నమైంది. జొన్న, సజ్జ, సామ, చోడి (అంటే రాగి) పండే చోట అది కూడుగానే ఉండిపోయింది. పేరు తేడా వెనక నీటిపారుదల ఉంది, నీళ్ళ వెనక డబ్బుంది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం ఈ మాటకు ఆ అవమానం పూర్తిగా అంటలేదు. ‘కూడొండినావా’, ‘కూడు తినీసి రా’ అని ఇప్పటికీ మామూలుగా అంటారు. మన్యంలో తెలుగు మాట్లాడే ఇళ్ళల్లోనూ అంతే. కొత్తగా కొండెక్కిన మైదానంవాడికి ‘కూడు తిన్నారేటి’ అన్న పలకరింపు చివుక్కుమనిపించవచ్చు. అడిగినవాళ్ళ మనసులో ఆప్యాయత తప్ప ఏమీ ఉండదు.

ఇక తిండి అమ్మే చోటు సంగతి. హోటల్ అన్న మాట రాకముందు మనకు పూటకూళ్ళ ఇల్లు ఉండేది. పూట అంటే దినంలో ఒక భాగం, ఒకసారి తినే వేళ. పూట గడవడం, పూటబత్తెం అన్న మాటల్లో ఉన్నది అదే. ఒక్క పూటకు డబ్బిచ్చి తినే కూడు పూటకూడు. అది దొరికేది పూటకూళ్ళ ఇల్లు. కూలి అన్న మాటతో కలిపి పూటకూలి ఇల్లు అని పలికేవారూ ఉన్నారు. డబ్బు చేతులు మారుతుంది కనుక ఆ పలుకుబడీ అర్థవంతంగానే ఉంటుంది. నాకు కూడే సబబనిపిస్తుంది. జనం పోయేది తినడానికి.

పదిహేనో శతాబ్దం నాటిదిగా చెప్పే క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ళ భోజనం ఉంది. టిట్టిభసెట్టి, గోవింద మంచనశర్మ అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు తిరుగుతూ తిండి దగ్గరికి వస్తారు. లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట్లో ఒక్క రూకకు ఏమేం పెడతారో పద్యం చెబుతుంది: సన్నరకం బియ్యపు వంటకం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు. కావ్యకర్త వినుకొండ వల్లభరాయడని పుస్తకం చెబుతుంది, శ్రీనాథుడిదే అని వాదించిన పండితులూ ఉన్నారు. ఆ వాదం నిజమైతే డబ్బు పెట్టి కొన్న భోజనాన్ని తెలుగులో అంత తృప్తిగా మెచ్చుకున్నవాడూ, పెట్టిన తిండిని అంత కసిగా తిట్టినవాడూ ఒక్కడే అవుతాడు. రెండింటికీ మధ్య ఉన్నది వంట నేర్పు కాదు. ఓరుగల్లు విస్తట్లో వరీ గోధుమా ఉన్నాయి, పల్నాటి విస్తట్లో జొన్న ఉంది.

పూటకూళ్ళు నడిపినవారిలో వితంతువులు ఎక్కువ. వేరే ఆధారం లేని ఆడమనిషికి చేతిలో ఉన్న ఒకే విద్య వంట. కన్నడ రాజ్యలక్ష్మి చాటువులో శ్రీనాథుడికి వడ్డించినది ‘విశ్వస్త’, అంటే వితంతువే. విజయనగరం నేపథ్యంగా గురజాడ రాసిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉంది. 1892లో మొదట ప్రదర్శించిన ఆ నాటకంలో ఆమెను అందరూ వృత్తిపేరుతోనే పిలుస్తారు. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర డబ్బు పట్టుకుపోయి గిరీశం తన సరదాలకు ఖర్చుపెట్టేస్తాడు. మనం చీపురు పట్టుకున్న పూటకూళ్ళమ్మను చూసి నవ్వుతాం కానీ, ఆ నాటకంలో రోజూ పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించి, తన కష్టం తాను తిన్న మనిషి ఆమె. తెలుగు సాహిత్యం ఆమెకు బాకీ పడిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆమెను లోకువగా చూడడానికి వైధవ్యం ఒక కారణమైతే, అన్నం అమ్ముకోవడం ఇంకో కారణం. అన్నవిక్రయం పాపమని మన నమ్మకం. అన్నం పెట్టాలి, అమ్మకూడదు. అందుకే సత్రం గొప్పది, పూటకూళ్ళ ఇల్లు తక్కువది. లంకల గన్నవరంలో వచ్చినవారికల్లా వండిపెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో పోయారు. ఆమె పేరు ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఉంది. ఆమె అందుకు తగిన మనిషి, అందులో సందేహం లేదు. డబ్బు తీసుకుని వండిపెట్టిన అమ్మల పేర్లు మాత్రం ఏ పథకానికీ ఉండవు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సత్రమైనా పూటకూళ్ళ ఇల్లైనా గడప దగ్గర కులం అడిగేది. కొండ దిగి మైదానానికి వచ్చిన మన్యపు మనిషికి ఈ రెండు చోట్లా పీట వేసినవారు లేరు.

తిండి అమ్మే చోటును ఇల్లు అన్నది మనమొక్కళ్ళమే కాదు. ఇంగ్లండు పల్లెల్లో పబ్ అంటే పబ్లిక్ హౌస్. అదీ ఇల్లే. నలుగురికీ తలుపు తీసి, తాగడానికీ తినడానికీ ఇంత పెట్టే ఇల్లు. రెస్టారెంట్ కథ మరీ వింతైనది. పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో ఆ పేరు మొదట చోటుది కాదు, ఒక పులుసుది. నీరసపడిన ఒంటికి సత్తువ తెచ్చే మాంసపు రసాన్ని ‘రెస్టారెంట్’ అన్నారు. తర్వాత అది అమ్మే కొట్టుకు ఆ పేరు నిలిచింది. అంటే మన ఊళ్ళల్లో దీపాల బోర్డుల మీద వెలిగే మాట మొదట్లో గిన్నెలో పోసుకుని తాగేది. మన అంబలికి దూరపు చుట్టం. ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో డాక్ బంగళాల్లో దిగి పడ్డ తిండి బాధలు కూడా ఒక మాటనే పుట్టించాయి. దొర దిగగానే కావలివాడు కోడిని తరిమి పట్టుకుని, కోసి, అప్పటికప్పుడు కాల్చి పెట్టేవాడు. నమలడానికి వీల్లేని ఆ కోడికి వాళ్ళు ‘సడన్ డెత్’ అని పేరు పెట్టుకున్నారు. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఆ మాట ఎక్కింది. పరాయి ఊళ్ళో గొంతు దిగని ముద్ద ఏ జాతికైనా మాటలు నేర్పుతుంది.

పాడేరు సంగతికి వస్తాను. మైదానం నుంచి వెళ్ళేవాళ్ళు చోడవరం, మాడుగుల దాటి ఘాటు ఎక్కుతారు. మాడుగులలో హల్వా కొనుక్కోవడం ఆనవాయితీ. నానబెట్టిన గోధుమల పాలు తీసి నేతిలో కాచే ఆ మిఠాయికి ఊరి పేరే పేరు. ఘాటు మీద అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి దండం పెట్టుకుని, కాఫీ తోటల మధ్య నుంచి పైకి వెళతారు. నీడకోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దానికి కేంద్రమైంది. వంజంగి కొండ మీద మబ్బుల్ని చూడడానికి చలికాలంలో జనం విరగబడి వస్తున్నారు. వచ్చినవాళ్ళకు ఆకలేస్తుంది కనుక బజారులో తిండి బోర్డులు పెరిగాయి. మీల్స్ రెడీ, టిఫిన్స్, ఫ్యామిలీ రెస్టారెంట్, దాబా.

అలాంటి ఒక చోట మేం భోజనానికి కూర్చున్నాం. ఆకు బొమ్మ అచ్చు వేసిన కాగితపు విస్తరి వేశారు. ముద్దగా ఉడికిన అన్నం, నీళ్ళ పప్పు, చల్లారిన సాంబారు, క్యాబేజీ వేపుడు, మెత్తబడిన అప్పడం, పొట్లం పెరుగు. విశాఖపట్నం బస్టాండు దగ్గరా ఇదే తింటాం, విజయవాడలోనూ ఇదే. తర్వాత కాఫీ అడిగితే సీసాలోని ఇన్‌స్టెంట్ పొడి వేడి పాలల్లో కలిపి ఇచ్చారు. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు అరబికా చుట్టూ కొండల నిండా కాస్తోంది. కడుపు నిండింది, మనసు మాత్రం మొండికేసింది. ఈ ఊరు తినేది ఇది కాదని నాకు తెలుసు.

చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళితే వంటింటి అరుగు మీద వండే ఆవిడా మరో ఇద్దరూ సత్తు గిన్నెల్లో చోడంబలి పోసుకుని, ఎండుచేపా పచ్చిమిరపకాయా నంజుకుని తింటున్నారు. పులిసిన అంబలి వాసన కమ్మగా తగిలింది.

‘అమ్మా, అది మాకూ ఇంత పోయకూడదా?’ అన్నాను.

ఆవిడ గిన్నె పక్కకు జరిపేసింది. ‘అది మాం తినే కూడు బాబూ. మీకేటి పెడతాం?’

దాచుకోవడానికి అన్న మాట కాదది. మనం తినదగ్గది కాదన్న బిడియంతో అంది. తన ఇంట్లో రోజూ నోరారా పలికే మాట, మైదానం మనిషి ఎదుట పడేసరికి ఆవిడ నోట్లో తల వంచుకుంది. శ్రీనాథుడి జొన్నకూడు అన్ని వందల ఏళ్ళు ప్రయాణం చేసి ఆ అరుగు దాకా వచ్చిందని అనిపించింది. ఆయన ఏవగించుకున్నాడు, ఈవిడ ఆ ఏవగింపును ముందే ఊహించి గిన్నె పక్కకు పెట్టింది.

ఈ చప్పటి భోజనానికి వంటమనిషిని తప్పుపట్టలేను. వచ్చేవాళ్ళు అడిగేది అన్నమే. మన్యంలో పోడు కొట్టి, ఏటవాలు చెలకల్లో సామలు, చోళ్ళు, కందులు కలిపి పండించుకున్న కాలంలో కూడు అంటే అవే. ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్ళల్లో చోళ్ళను మాండియా అంటారు, కాచిన జావను పేజ్ అంటారు. ఆ తిండికి ఒక లోటుంది, అది ఏడాది పొడుగునా చాలేది కాదు. కొత్త పంట రాకముందు నెలల్లో అడవి దుంపలూ మామిడి టెంకల పిండీ తిని ప్రాణం నిలుపుకున్నారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ఆకలి నెలలకు అడ్డుకట్ట పడింది. అన్నం తిన్నామని చెప్పుకోవడంలో ఉన్న గౌరవం కూడా కొండెక్కింది. ఆ బియ్యాన్ని చులకన చేసే హక్కు ఎప్పుడూ పస్తు ఎరగని నాబోటివాడికి లేదు. కానీ బియ్యం వచ్చి ఆకలిని తీసుకుపోతూ, దాంతో కలిపి చోళ్ళ పరువును కూడా పట్టుకుపోయింది. తెల్లన్నం అతిథికి, చోడంబలి మనకు అన్న విభజన వంటింట్లో గీత గీసుకుని కూర్చుంది.

ఆ కాగితపు విస్తరి నన్ను ఇంకా వేధిస్తోంది. తెలుగునాట పెళ్ళిళ్ళకూ గుళ్ళ ప్రసాదాలకూ వాడే అడ్డాకుల విస్తళ్ళు ఈ కొండల నుంచే వెళతాయి. చెట్లను చుట్టుకుని పాకే పెద్ద తీగ అడ్డ. దాని ఆకు రెండు రేకులుగా చీలి వెడల్పుగా ఉంటుంది. ఆడవాళ్ళు అడవిలోకి వెళ్ళి కోసి, ఎండబెట్టి, దండలు కట్టి సంతకు తెస్తారు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో అదీ ఒకటి. ఆ ఆకు కొండ దిగిపోయింది. దాని బొమ్మ వేసిన కాగితం ఘాటెక్కి పాడేరు వచ్చింది. అడ్డాకులో వేడి వేడి కూడు వడ్డిస్తే ఆకు మగ్గి ఒక పచ్చి వాసన వస్తుంది. ఆ వాసన అన్నానికి సగం కూర.

కొండల్లో తాగేదానికీ ఇలాంటి చరిత్రే ఉంది, ఇంతకంటే చేదుగా. జీలుగు చెట్టు కల్లు ఇక్కడి ఇళ్ళల్లో పాలూ మజ్జిగలాంటిది. ఆనపబుర్రతో వంచి, ఆకు డొప్పల్లో పోసుకుని, వచ్చిన చుట్టానికి ముందు అందిస్తారు. కల్లుకు డబ్బు పుచ్చుకోవడం ఆ మర్యాదలో లేదు. గోదావరి వైపు రంప మన్యంలో జమీందారులాంటి మునసబుదారు చిగురుపన్ను పేరుతో కల్లు మీద వసూలు చేసేవాడు. 1878 నాటి అబ్కారీ ఏర్పాట్లతో ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది, కల్లు హక్కు మైదానపు గుత్తేదార్ల చేతికి పోయింది. 1879 మార్చిలో రంప భగ్గుమంది. ఆ పితూరీకి వేరే కారణాలూ ఉన్నాయి, అప్పులు, పోలీసుల వేధింపులు, భూముల గొడవలు. అయినా చుట్టానికి పోసే కల్లును కొట్టులో కొనుక్కోమనడం ఒక జనానికి ఎంత మంట పుట్టించగలదో దాన్ని చూస్తే తెలుస్తుంది. తనది అనుకున్నది కళ్ళముందే పరాయివాడి సరుకు కావడం ఎవరూ తేలిగ్గా ఓర్చుకోలేరు.

బొంగు చికెన్ విషయంలో నాకు ఆ భయమే ఉంది. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, అడ్డాకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పే ఆ వంటకు గిన్నె అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. బొంగులోని తేమే ఉడికిస్తుంది. అడవిలోకి వెళ్ళినవాడికి చేతికందిన వెదురే కుండ. ఇప్పుడది అరకు దారి పొడుగునా, మారేడుమిల్లిలో, చివరికి నగరాల్లో కూడా దొరుకుతోంది. నాటుకోడి చోట బ్రాయిలరు వచ్చింది, వెదురు వాసన తెలియనంతగా మసాలా ఎర్రబడింది. మన్యం పేరుతో అమ్ముడవుతున్నది ఇదొక్కటే. వెదురు కొమ్ముల కూర, పనసపిక్కల పులుసు, చింతపల్లి వైపు పండే రాజ్‌మా, సామకూడు బోర్డు ఎక్కలేదు. తిరునాళ్ళలో బొమ్మ కొన్నట్టు కొనుక్కుపోయే తిండి ఒకటే దొరికి, రోజూ తినే తిండి దాక్కుంటే ఆ ఊరికి వెళ్ళి ఏం తిన్నట్టు?

ఇంతలో మైదానంలో గాలి మళ్ళింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్నా సజ్జా సామా కొర్రా ‘మిల్లెట్స్’ అయ్యాయి, సిరిధాన్యాలయ్యాయి. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకు వచ్చినవాళ్ళు రాగిజావ తాగి వెళుతున్నారు. ఉత్తరాంధ్రలో పుట్టి చోళ్ళు అనకుండా రాగులు అంటున్నారు. శ్రీనాథుడు సన్నబియ్యం దొరక్క బాధపడ్డాడు. ఇవాళ కొండెక్కిన ప్రయాణికుడు సన్నబియ్యం తప్ప ఇంకేమీ దొరక్క బాధపడుతున్నాడు. గింజకు పోయిన పరువు తిరిగి వస్తున్నందుకు సంతోషమే. ఆ పరువు ఇంగ్లీషు పేరుకూ ప్యాకెట్టుకూ చెందిపోయి, అరుగు మీద గిన్నె పక్కకు జరుపుకున్న ఆవిడకు చెందకపోవడం నాకు మింగుడుపడదు.

ఆ రోజు బతిమాలితే చివరికి ఇంత అంబలి పోసింది. ఎంతమ్మా అంటే ఆలోచించి ఇరవై రూపాయలంది. తీసుకుంటుందో లేదోనని నేను భయపడ్డాను. తీసుకుంది, అది సరైన పని. అన్నం అమ్మడం పాపమన్న మాట సత్రాలు కట్టించగలిగినవాళ్ళు చెప్పుకోవలసింది. వంట చేసి బతికే మనిషికి తన కూటికి వెల చెప్పే హక్కుంది. ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల రూక తీసుకున్నప్పుడు మనం కావ్యం రాశాం. పాడేరులో చోడంబలికి వెల కట్టడం అంతకంటే తక్కువ పనేమీ కాదు.

‘మీల్స్’ కింద ఇంకో వరస రాయించమని హోటల్ యజమానితో అన్నాను. ఏం రాయమంటారని ఆయన అడిగాడు. ‘రాగి మాల్ట్’ అంటే వస్తారేమో అని ఆయన సూచన. ‘మిల్లెట్ మీల్స్’ అయితే ఇంకా ధర పెట్టవచ్చన్నాడు పక్కనున్న కుర్రాడు. నేను మాత్రం చోడంబలి, సామకూడు అని, ఆవిడ పలికినట్టే రాయించమన్నాను. ‘కూడు’ అని రాస్తే మర్యాదగా ఉండదేమో అని ఆయన చాలాసేపు సందేహించాడు. ఉంటుందని నేను వాదించాను, తమిళం, కన్నడం కూడా ఎత్తాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. రాయిస్తే రోజూ ఎన్ని చోళ్ళు నానబెట్టాలో, పిండి ఎవరు విసరాలో, పులియడానికి రాత్రే కాచి ఉంచాలంటే ఇంకో కుండ ఎక్కడ పెట్టాలో ఆయన్ను అడగడం మొదలుపెట్టింది.